పీపీ నంబరు

12 జూన్ 2001, మంగళవారం, బందరు

ఇల్లంతా అట్టపెట్టెలే. హన్నా గిన్నెలకి పాత పేపర్లు చుడుతూ "ఆ కంప్యూటర్ ఎవరు సర్దుతారు? అదీ నేనేనా?" అంది. దానిమీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వనని తెలిసే అంటుంది. మానిటర్‌కి మా పెళ్ళినాటి దుప్పటి చుట్టాను. హన్నా చూసిన ఆ చూపు చాలు.

నా దిగులంతా నా వెబ్‌సైటు గురించే. 'క్రాంతి గూడు' మొదలుపెట్టాక కొత్త పేజీ పెట్టని వారం లేదు. మంగినపూడి సముద్రం గురించి, చిలకలపూడి గిల్టు నగల వాళ్ళ గురించి, మా నాన్న చెప్పిన తుపాను కబుర్లు, అన్నీ పెట్టాను. ఇప్పుడు గుడివాడలో ఫోన్ ఎప్పుడొస్తుందో! ఫోన్ లేకపోతే నెట్ లేదు. నెట్ లేకపోతే గూడు లేదు.

తెలుగు అక్షరాలు కనపడాలంటే ఫాంటు దించుకోమని పైన ఎర్రగా రాసిపెట్టాను. ఎంతమంది దించుకున్నారో దేవుడికే తెలియాలి. చూసినవాళ్ళ లెక్క చూపించే మీటరు మాత్రం తిరుగుతోంది. అందులో సగం నేనేనని హన్నా వెక్కిరింపు. సగం కాదు.

14 జూన్, గురువారం, గుడివాడ

దిగాం. మేడ మీద రెండు గదులు, వంటిల్లు, ముందు కాస్త డాబా. నేను కంప్యూటర్ పాఠాలు చెప్పబోయే కాలేజీకి నడిచే వెళ్ళొచ్చు. కింద ఓనరు వెంకటరత్నమ్మగారు ఒక్కరే. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, గొంతు మాత్రం రైలు కూత.

ఈ ఊళ్ళో ఇల్లు వెతికినప్పుడు నా పేరడిగి, హన్నా పేరడిగి, "మా అబ్బాయిని కనుక్కుని చెప్తామండీ" అని సాగనంపిన ఇళ్ళు ఎన్నో. ఈవిడ ఒక్కటే అడిగింది. "ఫోనుందా?"

ఉందండీ, బందరు నుంచి మార్పించుకుంటున్నాం అన్నాను.

"అయితే వచ్చెయ్యండి. ఒక్కదాన్ని, ఆ పెట్టె నాకెందుకని పెట్టించుకోలేదు. నాగాయలంకలో మా అక్కుంది, పుష్పావతి. వాళ్ళింట్లో ఉంది ఫోను. దాని గొంతు వారానికోసారి వింటే చాలు నాకు. మీ నంబరు పీపీ నంబరుగా ఇచ్చుకుంటాను. కేకేస్తే పైకొచ్చి మాట్లాడతా."

"మా ఫోను మీ ఫోనే అనుకోండి మామ్మగారూ" అంది హన్నా. నేనూ తలూపాను. బాగానే ఊపాను.

వచ్చే వారం ఆషాఢం వచ్చేస్తుందని తొందరపెట్టిందీ ఆవిడే. పాస్టరుగారు ఇంటి ప్రార్థన చేస్తున్నంతసేపూ గుమ్మం బయట చేతులు కట్టుకుని నిలబడింది. ఆమేన్ అనగానే గిన్నె పట్టుకొచ్చి "మీ ప్రార్థన మీరు చేసుకున్నారు. నా ఇల్లు, పాలు నేను పొంగించుకుంటా" అంది. పాస్టరుగారు ఆ పాలతోనే కాఫీ తాగి వెళ్ళారు.

15 జూన్

ఫోన్ రాలేదు.

19 జూన్

ఫోన్ రాలేదు. బస్టాండు దగ్గర నెట్ సెంటర్‌కి వెళ్ళి గూడు చూసుకొచ్చాను. బాగానే ఉంది, పాపం. అతిథుల పేజీలో ఎవరో "ఈ మధ్య కొత్తవేం లేవా?" అని రాశారు. పిలిచి భోజనం పెట్టాలనిపించింది.

28 జూన్, గురువారం

వచ్చింది!

లైన్‌మన్ పేరు జకరయ్య. మా సంఘమేనట. "మొన్న ఆదివారం చర్చిలో మీ సభ్యత్వం బదిలీ ఉత్తరం చదివినప్పుడు చూశాను సార్" అన్నాడు. వీధి స్తంభం నుంచి మేడకి వైరు చాలలేదు. ఉన్నదానికి ఇంకో ముక్క కలిపి, టేపు చుట్టి, చేత్తో లాగి చూపించాడు. "పదేళ్ళు కదలదు సార్ ఈ జాయింటు."

డయల్‌టోన్ వినగానే నేను కంప్యూటర్ వైపు పరిగెత్తితే, వెంకటరత్నమ్మగారు మెట్లెక్కి వచ్చేసింది. మొదటి ఫోను నాగాయలంకకే. రిసీవర్ పట్టుకుని అరిచిన అరుపులకి ఫోనే అక్కర్లేదు, డాబా మీద నిలబడి అరిచినా దివిసీమ దాకా వినపడేది.

7 జూలై, శనివారం

శనివారం సాయంత్రం ఫోను ఆవిడది. అది ఒప్పందం. దీపాలు పెట్టే వేళకి వస్తుంది. స్టూలు లాక్కుని, చీరకొంగు సర్దుకుని, ఏదో పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంటుంది. వట్టి చేతులతో రాదు. ఇవాళ చేగోడీలు.

అవతల నుంచి పుష్పావతమ్మగారు. ఆవిడకి ఆయాసం, గొంతు సన్నం. ఈవిడ అరుపులే మనకి వినపడతాయి. "తిన్నావా? ఏం కూర? మళ్ళీ బెండకాయేనా? నీ కోడలికి వేరే కూర రాదా?" తర్వాత చిన్నప్పుడు లంకలో రేగుపళ్ళు ఏరుకున్న కథ. తర్వాత మళ్ళీ కూర. ఈలోగా నాకు మెయిలు చూసుకోవడానికి లేదు, గూటికి పోవడానికి లేదు. చేగోడీలు నములుతూ కూర్చోవడమే.

చేగోడీలు మాత్రం అద్భుతం. అది వేరే సంగతి.

8 జూలై

హన్నాతో అన్నాను, ఈ పీపీ వ్యవహారం కాస్త ఎక్కువవుతోందని. "ఆ ఫోను లేకపోతే మనకీ ఇల్లు లేదు" అంది. అదీ నిజమే అనుకో.

10 జూలై, మంగళవారం

కొత్త పేజీ ఎక్కింది! పేరు 'మా కొత్త గూడు'. స్కాన్ చేయించుకొచ్చిన ఫోటో, అరుగు మీద వెంకటరత్నమ్మగారు కూర్చుని ఉన్నది, చాలా బరువు. సగం ఎక్కి తెగిపోవడం, మళ్ళీ మొదట్నుంచి. సాయంత్రమంతా పట్టింది. కింద రాసిన వాక్యం నాకే భలే నచ్చింది. "ఈ ఇంట్లో ఫోన్ ఒక్కటే, కానీ అది అందరిదీ."

మధ్యలో ఆవిడ పైకి వచ్చింది. "ఏవన్నా ఫోనొచ్చిందా బాబూ? పొద్దున్నుంచీ కుడికన్ను అదురుతోంది." రాలేదండీ అన్నాను. నిజమే, రాలేదు.

హన్నా చర్చిలో స్త్రీల కూటం నుంచి ఆలస్యంగా వచ్చింది. పేజీ తెరిచి చూపించాను. "ఫోటో బావుంది" అని వంటింట్లోకి పోయింది.

11 జూలై

తెల్లారకుండానే మోటార్ సైకిల్ వచ్చింది. పుష్పావతమ్మగారి అబ్బాయి గోవర్ధనరావు పంపిన మనిషి. రాత్రి ఆవిడ పోయింది.

నిన్న సాయంత్రం నుంచీ ఫోను చేస్తూనే ఉన్నారట. చేసినప్పుడల్లా ఎంగేజ్. ఇక తగలదని మానేసి మనిషిని పంపారు. "ఎవరండీ ఫోను పట్టుకుని కూర్చుంది?" అన్నాడతను. కోపంగా కూడా అనలేదు, మామూలుగానే అడిగాడు.

లైన్ పాడైనట్టుందండీ అన్నాను. పాడైతే అవతలవాళ్ళకి ఎంగేజ్‌లాగే వినపడుతుందండీ అని కూడా అన్నాను. కంప్యూటర్ సారు చెప్పాడు కాబట్టి తలూపాడు.

వెంకటరత్నమ్మగారు ఏడవలేదు. రెండు చీరలు సంచీలో పెట్టుకుని, తాళం నాకే ఇచ్చి వెళ్ళింది. "పాలవాడు వస్తే వద్దని చెప్పు బాబూ."

12 జూలై

లైన్ నిజంగానే పాడై ఉండొచ్చు. ఫోటో ఎన్నిసార్లు తెగిపోయింది! మంచి లైన్ అయితే ఎందుకు తెగుతుంది? జకరయ్య వేసిన ఆ ముక్క వైరు నాకు మొదట్నుంచీ అనుమానమే.

13 జూలై

ఆవిడ అడిగింది ఫోన్ వచ్చిందా అని. రాలేదన్నాను. రాలేదు కదా. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

15 జూలై, ఆదివారం

గూడు తెరవలేదు. మనసొప్పలేదు. చర్చి నుంచి వస్తూ దారిలో హన్నా "ఏవండీ, ఆ రోజు లైన్ పాడైందన్నారు కదా, ఎప్పుడు బాగైంది?" అంది. దానంతటదే, అన్నాను. "ఓహో" అంది.

17 జూలై

కాలేజీ నుంచి వస్తూ నెట్ సెంటర్‌లో ఒక్కసారి చూశాను, అంతే. కొత్త పేజీ కింద ఎవరో రాశారు. "మీ ఇంటి ఫోను గురించి చదివి కళ్ళు చెమర్చాయి. మీలాంటివాళ్ళు ఉంటే అద్దె ఇల్లు కూడా సొంత ఇల్లే." ఇన్నాళ్ళ నా గూటికి ఇంత మంచి మాట ఎవరూ రాయలేదు. సెంటర్ అబ్బాయికి కనపడుతుందని స్క్రీన్‌కి అడ్డంగా కూర్చున్నాను. ఎవరికి కనపడకూడదో, ఎందుకో.

22 జూలై, ఆదివారం

పెద్దకర్మ అయిపోయి నిన్న వచ్చింది వెంకటరత్నమ్మగారు. మనిషి సగమైంది. హన్నా అన్నం తీసుకెళ్తే నన్నూ రమ్మంది. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

ఆవిడే చెప్పింది. చెప్పిందంతా ఇక్కడ రాస్తాను. రాయకపోతే రేపు ఇది కూడా మార్చుకుంటాను.

ఆ సాయంత్రం పుష్పావతమ్మగారికి ఆయాసం ఎక్కువైందట. "రత్తమ్మకి ఫోను కలపరా" అని ఒకటే గోల. గోవర్ధనరావు చేస్తే ఎంగేజ్. తల్లి నమ్మలేదట. "నా చెవి దగ్గర పెట్టు" అందట. పెట్టాడు. ఆవిడ ఆ కుయ్ కుయ్ మోత విని, "ఎవరితోనో మాట్లాడుతోందిరా. పోన్లే, దాని మాటలయ్యాక చెయ్యి" అందట. మళ్ళీ చేశాడు, మళ్ళీ చెవి దగ్గర పెట్టమంది. "ఇంకా అవ్వలేదు. అదంతే, మొదలుపెడితే ఆపదు" అని నవ్విందట.

"అంటే నేనే మాట్లాడుతున్నాననుకుని పోయింది బాబూ" అంది వెంకటరత్నమ్మగారు. "నేనెవరితో మాట్లాడతాను? నాకెవరున్నారు అది తప్ప?"

హన్నా కళ్ళు తుడుచుకుంది. నా నోట్లోంచి వచ్చింది ఏమిటయ్యా అంటే, "ఆ లైనండీ..." అని.

"ఆ లైన్‌మన్ని రానీ, వాడి సంగతి చెప్తా" అంది.

24 జూలై

చెప్పింది. గేటు దగ్గర, వీధంతా వినేలా. జకరయ్య టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. స్తంభమెక్కి ఆ జాయింటు విప్పి, కొత్త వైరు మొత్తం లాగాడు. దిగి డాబా మీదకొచ్చి నాతో అన్నాడు. "చూట్టానికి గట్టిగానే ఉంది సార్. కానీ మీలాంటి చదువుకున్నవాళ్ళు అన్నారంటే లోపల ఎక్కడో లూజు ఉండే ఉంటుంది. నాదే తప్పు."

ఇంతసేపూ నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. బట్టలు ఆరెయ్యడం నా జన్మలో అదే మొదటిసారి. దొంగకి తేలు కుట్టినట్టు అంటే ఏమిటో ఇన్నాళ్ళకి తెలిసింది.

25 జూలై

చెప్పేద్దామనుకున్నాను. ఆవిడ నిద్రపోతోంది.

26 జూలై

చుట్టాలొచ్చారు.

27 జూలై

ఇవాళ ఎవరూ లేరు. ఆవిడ మేలుకునే ఉంది. అరుగు మీద కూర్చుని నన్ను చూసి నవ్వింది కూడా. కాలేజీకి ఆలస్యమవుతోందని చెప్పి వెళ్ళిపోయాను. ఆలస్యం కాలేదు.

29 జూలై, ఆదివారం

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆరాధనలో సాక్ష్యాల సమయం. ఎవరో జ్వరం తగ్గిందని చెప్పారు, ఎవరో కొడుక్కి సీటొచ్చిందని చెప్పారు. తర్వాత జకరయ్య లేచాడు. తెల్లచొక్కా, చేతిలో బైబిలు.

"సంఘమా, నేను నా పనిలో అశ్రద్ధ చేశాను. నేను వేసిన జాయింటు లూజై, ఒక పెద్దమ్మ తన తోడబుట్టినదాని ఆఖరి మాట వినలేకపోయింది. నాకు నిద్ర పట్టడం లేదు. నా కోసం ప్రార్థన చెయ్యండి."

"దేవా, క్షమించు" అంది సంఘమంతా. నేనూ అన్నాను. పెదవులతో.

అంతటితో అయిపోయి ఉంటే బతికిపోయేవాణ్ణి. పాస్టరుగారు నా వైపు తిరిగి, "క్రాంతి కుమార్‌గారూ, ఇది మీ ఇంట్లో జరిగిన సంగతే కాబట్టి, సహోదరుడి కోసం మీరే ప్రార్థన చేస్తే బావుంటుంది" అన్నారు.

చేశాను. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, జకరయ్య తప్పు క్షమించమని దేవుణ్ణి అడిగాను. మంచి మాటలు వాడాను. నాకు మాటలకేం కొదవ? ఆమేన్ అనగానే జకరయ్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఛీ. నాకంటే నీచుడు ఈ భూమ్మీద ఉన్నాడా?

సాయంత్రం, అదే రోజు

హన్నా వంటింటి గుమ్మంలో నిలబడి అంది.

"ఆ రోజు కూటం ఆలస్యమవుతుందని చెప్దామని బూత్ నుంచి నేనూ చేశానండీ. ఎంగేజ్. ఇంటికొచ్చేసరికి మీరు కొత్త పేజీ చూపించారు. లైన్ పాడైతే ఫోటో ఎలా ఎక్కింది?"

నేను ఫోను వైరు సర్దుతున్నాను.

"మీరే చెప్తారని చూశాను. ఇవాళ్టిదాకా చూశాను. మిమ్మల్ని అని ఏం లాభం, నేనూ నోరు మూసుకునే కూర్చున్నానుగా. ఇవాళ మీరు ప్రార్థన చేస్తుంటే, పక్కన కూర్చోవడానికి సిగ్గేసింది నాకు."

పెళ్ళయ్యాక తను నాతో అన్న మాటల్లో ఇంత నెమ్మదిగా అన్నది ఇంకోటి లేదు. అరిచి ఉంటే బావుండేది.

30 జూలై, సోమవారం

కాలేజీకి సెలవు పెట్టాను. అరుగు మీద వెంకటరత్నమ్మగారు చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా కింద కూర్చున్నాను.

లైన్ బాగానే ఉంది మామ్మగారూ, నేనే ఫోను వాడుతూ కూర్చున్నాను అన్నాను.

చేతులు ఆగాయి. "నువ్వా?"

నేనేనండీ.

"దీపాలు పెట్టే వేళనుంచీ అన్నం వేళదాకానా? ఎవరితో మాట్లాడావు బాబూ అంతసేపు?"

ఎవరితోనూ కాదండీ. కంప్యూటర్‌కి ఫోను కలిపితే, అందులో మన బొమ్మలూ రాతలూ పెడితే, ఎక్కడెక్కడివాళ్ళో చూస్తారు. అది ఎక్కేదాకా ఫోను ఎంగేజ్‌లో ఉంటుంది.

"ఏం బొమ్మ?"

ఇక దాచడానికి ఏముంది? మీదేనండీ, ఇదే అరుగు మీద కూర్చున్నది, అన్నాను. రాసిన వాక్యం మాత్రం చెప్పలేకపోయాను. తర్వాత అదీ చెప్పాను.

మళ్ళీ చింతపండు గింజలు తియ్యడం మొదలుపెట్టింది. తిడుతుందనుకున్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనాలనే కోరుకున్నాను.

"అక్క పోతూ పోతూ, నేను ఎవరితోనో కబుర్లాడుకుంటున్నానని సంతోషపడి పోయింది" అంది. "నువ్వు చూస్తే, ఎవరితోనూ మాట్లాడలేదంటున్నావు. ఎవరితోనూ మాట్లాడకుండానే అంతసేపు పట్టుకున్నావా బాబూ ఆ ఫోను?"

కింద పడ్డ గింజలు ఏరడం మొదలుపెట్టాను.

"పైకెళ్ళు" అంది. వెళ్ళాను.

31 జూలై

జకరయ్య ఇంటికి వెళ్ళాను. అంతా విని ముందు మొహం విప్పారింది. "అయితే నా జాయింటు గట్టిదేనా సార్?" అన్నాడు. లోపలికి తిరిగి "ఏమేవ్, మన జాయింటు గట్టిదేనంట!" అని పెళ్ళాన్ని కేకేశాడు. ఆవిడ చెయ్యి కడుక్కుంటూ వచ్చింది. ఆవిడని చూశాక అతనికి ఏడుపొచ్చింది. లుంగీ అంచుతో కళ్ళు తుడుచుకుని అడిగాడు.

"మరి సంఘంలో ఎవరు చెప్తారు సార్?"

2 ఆగస్టు

నెట్ సెంటర్‌కి వెళ్ళి 'మా కొత్త గూడు' పేజీ తీసేశాను. ఎక్కడానికి సాయంత్రమంతా పట్టింది, పోవడానికి ఒక్క నొక్కు. గూడు మొత్తం తీసెయ్యనా అని హన్నాని అడిగాను. "ఆ సైటేం చేసింది పాపం? తప్పు చేసింది అదా?" అంది.

5 ఆగస్టు, ఆదివారం

లేచాను. చెప్పాను. చివర్లో జకరయ్య పేరు చెప్పి, అతని జాయింటు గట్టిదేనన్నాను. పాస్టరుగారు తలొంచుకుని విన్నారు. ఈసారి నా కోసం ప్రార్థన చెయ్యమని ఎవర్నీ పిలవలేదు. తర్వాత జకరయ్యే లేచి, తనంతట తనే మొదలుపెట్టాడు. చిన్న ప్రార్థన. నాలాగా మంచి మాటలేం వాడలేదు.

11 ఆగస్టు, శనివారం

అరుగు మీద చెప్పిన ఆ సోమవారం నుంచీ వెంకటరత్నమ్మగారు హన్నాతోనే మాట్లాడుతోంది. నాతో లేదు. అడిగే ముఖమూ నాకు లేదు.

ఇవాళ దీపాలు పెట్టే వేళ. అలవాటుకొద్దీ కంప్యూటర్ కట్టేసి, ఫోను పక్కన స్టూలు వేశాను. వేశాక గుర్తొచ్చింది. స్టూలు తియ్యబోతుంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. ఆవిడే. చేతిలో గిన్నె, దాంట్లో చేగోడీలు. ఆవిడకీ అలవాటే కాబోలు, లేకపోతే ఏమో. లోపలికి రాలేదు. గిన్నె గుమ్మంలోనే పెట్టి, కంప్యూటర్ వైపు చూసింది.

"ఏం బాబూ, నెట్టు పెట్టుకోలేదేం?"

శనివారం కదండీ మామ్మగారూ, ఫోను మీది అన్నాను.

"పెట్టుకో, ఎంతసేపు కావాలంటే అంతసేపు పెట్టుకో" అంది. కోపం లేదు ఆ గొంతులో. "ఇంక నాకు చేసేవాళ్ళు ఎవరున్నారు?"

గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళింది. ఫోను ఖాళీగానే ఉంది. చీకటి పడేదాకా ఖాళీగానే ఉంచాను.